లైటు ఆర్పని గది

దర్జీ ఆ పొద్దున ఎవరిదో స్కూలు ప్యాంటు అంచు విప్పుతుండగా, కుట్టుమిషను పైన గోడకున్న ఎర్రబల్బు రెండుసార్లు వెలిగి ఆరింది. వీధి తలుపు దగ్గర ఎవరో గంట నొక్కారన్నమాట. ఆయనది పుట్టుచెవుడు. భార్యకీ వినపడేది కాదు. అందుకని పెళ్లయిన కొత్తలోనే గంట తీగని ఆ బల్బుకి కలిపించుకున్నారు. వాళ్లకి పుట్టిన కూతురికి మాత్రం చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది.

వచ్చింది పక్కింటి పిన్ని. జిప్పు ఊడిన సంచీ ఆయన ముందు పెట్టి, బడికి తయారవుతున్న కూతురి దగ్గర చేరింది. లైట్లార్పే కాగితం మీద తను కూడా సంతకం పెట్టేశానని, రాత్రి ఆ గంటసేపైనా తన మొగుడు టీవీ వదిలి తన మొహం చూస్తాడని సంబరపడింది. చీకట్లో మొహమేం కనపడుతుంది పిన్నీ అని కూతురు నవ్వితే, అందుకే చూస్తాడులేవే అంది పిన్ని.

కూతురు ఆ వీధి చివరి బడిలో సైన్సు టీచరు. భూమి వేడెక్కిపోతోందని అందరికీ గుర్తుచెయ్యడానికి ఏడాదికోసారి ఎన్నో నగరాలు తమంతట తాము ఒక గంటసేపు లైట్లు ఆర్పుకుంటాయి. ఈసారి వాళ్ల ఊరూ అందులో చేరింది. మూడువారాలుగా ఆమె తన తరగతి పిల్లల్ని వెంటేసుకుని గుమ్మం గుమ్మం ఎక్కి దిగి వీధిలో నలభై ఇళ్ల చేత సంతకాలు పెట్టించింది. నలభై ఒకటోది సొంతిల్లు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తల్లి పోయిన దగ్గర్నుంచి తండ్రి గదిలో లైటు ఆరలేదు. పద్దెనిమిదేళ్లు. నిద్రపోయినా అది వెలుగుతూనే ఉంటుంది. కరెంటు పోతే వెలగడానికి మంచం పక్కన బ్యాటరీ లైటొకటి, అది మొరాయిస్తే ఇంకొకటి. కారణమేమిటని కూతురు అడగని ఏడాది లేదు. ఆయన తల అటు తిప్పేసుకుంటాడు. మాటలన్నీ చేతులతోనే సాగే ఆ ఇంట్లో తల తిప్పుకోవడమంటే చెవుల్లో వేళ్లు పెట్టుకోవడమే. చిన్నప్పుడు ఆయన తిడుతుంటే కూతురు కళ్లు గట్టిగా మూసుకునేది. ఆ విద్య ఇద్దరికీ బాగానే వచ్చు.

ఆ ఇంట్లో ఆమెకి పేరు కూడా చేతిదే. ఆమె చుబుకం మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. అందుకని తల్లీ తండ్రీ ఆమె పేరు చెప్పాలంటే చూపుడువేలు తమ చుబుకానికి ఆనించుకునేవాళ్లు. బడి రికార్డుల్లో ఉన్న పేరు ఆమెకి ఎప్పుడూ పరాయిదిలాగే అనిపించేది.

సాయంత్రం ఆరున్నరకి ఇంటికొచ్చి, సంచీ దించకుండానే తండ్రి ఎదురుగా నిలబడింది. ఒక్క గంట ఆర్పమంది. నీ గదిలో ఆర్పుకో, నాది వదిలెయ్ అన్నాడాయన. అసలే ఆయన గది కిటికీ వీధివైపుకి ఉంటుంది. పిల్లలంతా బడి మేడ మీద నిలబడి చూస్తారని, వీధంతా చీకటైపోయి టీచరిల్లొక్కటీ వెలుగుతుంటే తన పరువేం కావాలని ఆమె చేతులు జోరుగా కదిలాయి. కిటికీకి దుప్పటి కడతానన్నాడు. లోపల వెలిగించుకుని బయట ఆర్పినట్టు నటించమని పిల్లలకి నేర్పనా అని ఆమె మండిపడింది.

ఆయన తల తిప్పుకున్నాడు.

ఆమె వెళ్లి అటువైపు నిలబడింది. "అమ్మ విషయంలోనూ ఇంతే చేశావు. నాకు పదకొండేళ్లు. నన్ను పిన్ని ఇంట్లో వదిలేసి నువ్వొక్కడివే ఆసుపత్రికెళ్లావు. పోయేముందు అమ్మ ఏం చెప్పిందని ఎన్నిసార్లు అడిగాను? తల అడ్డంగా ఊపావు. అంతే. నన్ను తలుచుకోకుండానే పోయిందనుకుని బతుకుతున్నాను నాన్నా."

ఆయన చేతులు ఒళ్లోంచి నెమ్మదిగా లేచాయి.

"చెప్పలేదని కాదు తల ఊపింది. తెలీదని. తొమ్మిదింటికి వార్డులో లైట్లార్పేశారు. అమ్మ మొహానికి ఆక్సిజన్ మాస్కు ఉంది, చెయ్యి నా చేతిలో ఉంది. ఏమైనా చెప్పాలనుకుందేమో. చీకట్లో నాకేం కనపడుతుంది? లైటెయ్యండమ్మా అని నర్సుని అడగడానికి నాకు నోరేది? మళ్లీ లైట్లు వేసేసరికి అమ్మ లేదు."

కూతురు గోడకి ఆనుకుని నిలబడింది. ఇన్నేళ్లుగా ఆ లైటుని మొండితనమనుకుంది, పిచ్చి అనుకుంది, ఒకట్రెండుసార్లు కరెంటు బిల్లు మొహాన పెట్టి ఎగతాళి కూడా చేసింది. ఆర్పొద్దు నాన్నా, అలాగే ఉంచు అని చేతులతో చెప్పి, మొహం తుడుచుకుని బడికి వెళ్లింది.

ఎనిమిదిన్నరకి మేడ మీద పిల్లలు వెనక్కి లెక్కపెట్టారు. వీధి ఆ చివర్నుంచి ఒక్కొక్క ఇల్లే చీకట్లో కలిసిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతలో ఒక పిల్ల, టీచర్, మీ ఇల్లు మర్చిపోయారు అంది. మర్చిపోలేదమ్మా, మా నాన్న అది ఆర్పలేరు అని ఆమె చెబుతుండగానే ఆ కిటికీ కూడా నల్లబడిపోయింది.

పిల్లలు ఇంకోసారి చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం మెట్లు దిగి పరిగెత్తింది.

తలుపు తోసి తడుముకుంటూ గదిలోకి వెళ్లింది. బ్యాటరీ లైట్లు కూడా వెలగడం లేదు. కూతురి పరువు కోసం అన్నీ తనే ఆర్పేసి తండ్రి మంచం అంచున కూర్చున్నాడు. ఆయన ఊపిరి ఆమెకి వినపడుతోంది. కానీ వచ్చిందెవరో ఆయనకి తెలిసే దారి లేదు. కాళ్ల అదురు నేలలో తెలిసి భయంతో వెనక్కి జరిగాడు. ఆమె నేల మీద కూలబడి ఆయన చెయ్యి అందుకుంది. మాట ఎలా చెప్పాలో తోచక, ఆయన చూపుడువేలు పట్టుకుని తన చుబుకం మీది మచ్చకి ఆనించింది. నేనే నాన్నా అన్నట్టు.

ఆయన వేలు ఆ మచ్చ మీదే ఆగిపోయింది.

తర్వాత ఆ వేలు మెల్లగా ఆయన చుబుకం మీదికి వెళ్లింది. మళ్లీ ఆమె చుబుకం మీదికి వచ్చింది. ఒక్కసారిగా ఆమె అరచేతిని లాక్కుని తన ముక్కూ నోరూ చుబుకం అంతా కప్పేలా అదిమిపెట్టుకున్నాడు. మొదట ఆమెకి అర్థం కాలేదు. రెండోసారి అదిమాక అర్థమైంది. ఆక్సిజన్ మాస్కు. ఆమె చేతిని తల్లి చేతిలాగా పట్టుకుని, చూపుడువేలు చాపి చుబుకం వైపు ఎత్తాడు. ఎత్తిన చేతిని తన రెండో చేత్తో బలంగా కిందికి అణిచాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ అణిచాడు. అలా నాలుగుసార్లు.

పేషెంటు మాస్కు లాగేసుకోకుండా చెయ్యి పట్టుకోమని ఆ రోజు నర్సు సైగ చేసి వెళ్లింది. చీకట్లో భార్య చెయ్యి మాటిమాటికీ మాస్కు వైపు లేస్తుంటే, ఊపిరాడక లాగేసుకుంటోందనుకున్నాడు. ఎక్కడ ప్రాణం పోతుందోనని అణిచిపెట్టాడు. ఆ చెయ్యి మాస్కు కోసం లేవలేదని ఇప్పుడు తెలిసింది. అది చుబుకం కోసం లేచింది. నాలుగుసార్లు కూతురి పేరు పిలవబోతే, నాలుగుసార్లూ ఆ నోరు తనే మూసేశాడు.

ఆయన గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో ఆయనకి తెలియదు. కూతురికి వినపడింది. ఆ ఏడుపు వింటూ ఆమె కూడా ఏడ్చింది. పదకొండేళ్ల పిల్ల పిన్ని ఇంట్లో కిటికీ పట్టుకుని ఎదురుచూసిన కబురు పద్దెనిమిదేళ్ల తర్వాత చేరింది. అమ్మ మర్చిపోలేదు. పిలిచింది. చివరిదాకా పిలుస్తూనే ఉంది.

ఆయన తన చేతుల్ని తనే కొట్టుకోబోతుంటే ఆమె పట్టుకుని ఆపింది. వాటిని విప్పి, ఒక్కొక్క మాటా ఆయన వేళ్లకి తెలిసేలా, ఆ అరచేతుల్లోనే తన చేతులు కదిలించింది.

"అమ్మ చెప్పింది. నువ్వు దాచిపెట్టావు. ఇప్పుడు నాకిచ్చావు. చాలు నాన్నా."

ఆయనకి ఎంత అందిందో ఆమెకి తెలియదు. ఆమె తల ఒళ్లోకి లాక్కున్నాడు.

తొమ్మిదిన్నరకి వీధంతా భళ్లున వెలిగింది. పిల్లల కేకలు వినపడ్డాయి. టీచరింట్లో ఇంకా చీకటేనేమిటని కంగారుపడి పిన్ని వచ్చి గంట నొక్కింది. అవతల గదిలో మిషను పైన ఎర్రబల్బు వెలిగింది. ఆ వెలుతురు తలుపులోంచి పడి తండ్రి మొహం కనపడింది. ఆయన కళ్లు మూసుకుని, చూపుడువేలు చుబుకానికి ఆనించుకుని ఉన్నాడు.

బల్బు ఆరింది. మళ్లీ వెలిగింది. ఆ వేలు అక్కడే ఉంది. లేచి లైటు వెయ్యడానికి ఇద్దరిలో ఎవరికీ చేతులు రాలేదు.