గాజుపూసలో పుట్టగొడుగు ధూళి

విరజాపురం రాజు సోమదత్తుడికి హేమలేఖ, ప్రియంకరుడు అని ఇద్దరు పిల్లలు. ప్రియంకరుడు వేటకు వెళ్ళి, వద్దన్న అడవిలోకే కాలు పెట్టాడు. అక్కడి రాక్షసి పింగళకేశి అతణ్ణి పుట్టగొడుగుగా మార్చేసింది. ఆ బెంగతో రాజు మంచం పట్టాడు. హేమలేఖ పేలపిండి మూటకట్టుకుని తమ్ముడి కోసం బయలుదేరింది.

అడవి అంచున ఒక ముని ఆమె పెట్టిన పిండి తిని, ఆవగింజంత గాజుపూస ఇచ్చాడు.

"కంటికి ఆనించి, నీ అరచేతిలో మిగిలిన పిండి చూడు తల్లీ. ఎలా ఉంది?"

"పగిలిన రాళ్ళలా ఉంది స్వామీ. ఒకదానిలా ఒకటి లేదు."

ముని ఒక పుట్టగొడుగును ఆకు మీద తట్టాడు. తెల్లటి ధూళి రాలింది.

"ఇవి ఒకే అచ్చులో పోసిన గుడ్లలా ఉన్నాయి. ప్రతిదానికీ ఒక కొసన చిన్న ముక్కుంది," అంది హేమలేఖ పూసలోంచి చూసి.

"పుట్టగొడుగు తన ధూళి తాను రాలుస్తుంది. మనిషి ఎలా రాలుస్తాడు? అది గుర్తుంచుకో," అన్నాడు ముని.

కొంతదూరం పోయాక ఒళ్ళంతా పొలుసులున్న అలుగు అనే జంతువు దారికి అడ్డంగా పడుకుని ఉంది. "కాలిలో ఏదో గుచ్చుకుంది. చూసినవాళ్ళంతా ఏమీ లేదన్నారు," అంది.

"నిలబడి చూసి ఉంటారు," అంటూ హేమలేఖ నేలమీద కూర్చుని, పూసలోంచి చూసి, వెంట్రుకకన్నా సన్నని వెదురు పేడు లాగేసింది. అలుగు ఆమెను రాక్షసి గుహకు చేర్చింది.

గుహ ముందు పుచ్చిన మొద్దు నిండా చిటికెనవేలంత పుట్టగొడుగులు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

"వీటిలో ఒకటి నీ తమ్ముడు. ఒక్కటే కోయాలి. అది వాడే అయితే తీసుకుపో. తప్పితే నువ్వూ ఆ మొద్దు మీదికే. పొద్దు గుంకితే అన్నీ వాడిపోతాయి," అంది పింగళకేశి. "ముద్దుగా ఉన్నదాన్ని కోసుకో పిల్లా. మీ ఇంట్లో అందరూ అందగాళ్ళేగా."

హేమలేఖ తన నల్లపైటను పేలికలుగా చింపి ఒక్కొక్క గొడుగు కింద పరిచింది. ధూళి రాలాలని మధ్యాహ్నందాకా ఆగి, దాహమేసి వాగుకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి అన్ని పేలికల మీదా తెల్లటి ధూళి ఉంది. ధూళి లేని పేలిక ఒక్కటీ లేదు. గుహ గుమ్మంలో రాక్షసి నవ్వుతోంది.

హేమలేఖ తొందరపడలేదు. పూస కంటికి ఆనించి ఒక్కొక్క పేలికా చూసింది. గుడ్లు, ముక్కులు. మళ్ళీ గుడ్లు, ముక్కులు. నీడలు సాగాయి. చివరి వరసలో ఒక పేలిక మీద మాత్రం పగిలిన రాళ్ళు కనిపించాయి. ఆ గొడుగును కోసింది.

ప్రియంకరుడు ఒళ్ళు దులుపుకుంటూ లేచి, "ఇంతసేపా అక్కా?" అన్నాడు.

"ఆ పేలిక మీద నేను చల్లింది బియ్యప్పిండి అని ఎలా తెలిసింది?" అంది రాక్షసి.

"నువ్వు తిరగట్లో ఎంత మెత్తగా విసిరినా అది విరిగిందే కదా," అంది హేమలేఖ.

మాట ప్రకారం పింగళకేశి దారి వదిలింది. కొడుకును చూడగానే రాజు లేచి కూర్చున్నాడు. "నేను చూడకుండా అడుగేసేవాణ్ణి. పట్టం అక్కకే కట్టండి నాన్నగారూ," అన్నాడు ప్రియంకరుడు. రాజు అలాగే చేశాడు.

పట్టాభిషేకం నాటి విందులో అందరూ అన్నీ మారు వడ్డించుకుని తిన్నారు. పుట్టగొడుగుల కూర వచ్చినప్పుడు మాత్రం ప్రియంకరుడు విస్తరికి చేయి అడ్డం పెట్టాడు.