కట్టేసినా వినే చెవులు

సౌండ్ ఇంజనీర్ హోటల్ లిఫ్టులో చచ్చిపోయాడు. పై అంతస్తులో ఎక్కినప్పుడు ఎవరికో ఫోన్లో జోక్ చెబుతున్నాడట. కింద తలుపు తెరుచుకునేసరికి గోడకు చేరగిలబడి, పెదవులు నీలంగా, కళ్ళు తెరిచే ఉన్నాడు.

"గుండెపోటని బయటికి చెప్పాం," అన్నాడు బాబాయ్. "నోరు ఇంకాస్త తెరువు."

కుర్చీలో ఉన్న ఏజెంట్ కందిరీగ తెరిచింది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ బాబాయ్ అని పిలిచే ఆ చీఫ్, బయటి ప్రపంచానికి పళ్ళ డాక్టరు. ఏజెంట్లకు బ్రీఫింగులన్నీ ఈ కుర్చీలోనే ఇస్తాడు. అవతలివాళ్ళ నోట్లో దూది ఉంటుంది కనుక ఎదురుప్రశ్నలు రావు. ఆ పద్ధతి ఆయనకు మహా ఇష్టం.

"అతని పక్కన మూత లేని నీళ్ళ సీసా దొరికింది. ల్యాబ్‌కి పంపాను. ఎవరి సీసానో వాళ్ళకీ చెప్పలేదు. ఆ సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు."

"ఊఁ."

"రెండు వీడియో గేమ్ కంపెనీలు. పెద్దది చిన్నదాన్ని మింగాలని చూస్తోంది. ఆ విలీనానికి ఇవాళ పోటీ కమిషన్ అవునో కాదో చెప్పాలి. అవునంటే గేమ్ ఆడే ప్రతి ఇంట్లోనూ ఇక ఒకే కంపెనీ హెడ్‌సెట్. ప్రతి హెడ్‌సెట్‌కీ ఓ మైకు. ఆఫ్ చేసినా ఆ మైకు వింటూనే ఉంటుందని చిన్న కంపెనీలో పనిచేసే ఆ ఇంజనీర్ కనిపెట్టాడు."

"ఊఁ?"

"ఎవరికోసమంటావా? సరిహద్దు అవతలి ముఠా కోసం. మనం దర్జీలంటామే, వాళ్ళు. అందరి కొలతలూ తీసి పెట్టుకోవడమే వాళ్ళ పని. సైనికాధికారి కొడుకు గేమ్ ఆడతాడు. మంత్రి మనవరాలు ఆడుతుంది. పక్క గదిలో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటారు. చాలదూ?"

చనిపోయినవాడి బదులు ఇవాళ అతని భార్య సాక్ష్యం చెప్పబోతోంది. ఆమె కూడా చిన్న కంపెనీలో ప్రోగ్రామరే. ఆమె అడిగింది ఒక్కటే: పెద్ద కంపెనీ వాళ్ళు కమిషన్ లాంజ్‌లో ప్రదర్శనకు పెట్టిన హెడ్‌సెట్లలో ఒకటి. ఇంట్లోది పట్టుకెళితే 'మీరే ఏదో కెలికారు' అంటారు. వాళ్ళ బల్ల మీద, వాళ్ళ చేత్తో ఆఫ్ చేసిందే కావాలి.

"అది ఆమె చేతికివ్వు. మనిషిని ప్రాణాలతో ఇంటికి చేర్చు," అన్నాడు బాబాయ్. "పెద్ద కంపెనీ లోపల మన నెమలి ఉంది. సాయం చేస్తుంది. హెడ్‌సెట్ సంగతి మాత్రం దానికీ చెప్పకు. తెలియనిది ఎవరూ కక్కించలేరు."

దవడ పన్ను కింద బియ్యపుగింజంత రిసీవర్ బిగించి దూది తీశాడు.

"నేను మాట్లాడితే నీకు వినపడుతుంది. నువ్వు మాట్లాడితే నాకు వినపడదు."

"అంటే మామూలుగానే," అంది కందిరీగ.

కమిషన్ భవనంలోకి ఆమె ఇంటర్‌ప్రెటర్‌గా అడుగుపెట్టింది. బూడిదరంగు కోటు, సీసా అడుగులాంటి కళ్ళద్దాలు, ముడి. ఒకసారి చూసినవాడు రెండోసారి గుర్తుపట్టని ముఖం తయారు చేసుకుంది. పెద్ద కంపెనీ ప్రెసిడెంట్ విదేశీయుడు. ఆయన భాషను తెలుగు చేసి అందరి చెవుల్లో వెయ్యడం ఇవాళ ఆమె ఉద్యోగం.

లాంజ్‌లో గోడ నిండా గేమ్ హీరోల బొమ్మలు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. వాటికింద కంపెనీ మనుషులు, అదే నవ్వుతో. గాజుబల్ల మీద పళ్ళెంలో ద్రాక్ష, దాని వెనక వరసగా హెడ్‌సెట్లు. ఒక్కదానికీ లైటు వెలగడం లేదు. 'మీ ఇంటి గుట్టు మా బాధ్యత' అని పక్కనే బోర్డు.

"ఏసీ మరీ చల్లగా ఉంది కదండీ," అంది వెనకనుంచి ఒక గొంతు.

"దుప్పటి తెచ్చుకోవాల్సింది," అంది కందిరీగ. కోడ్ కలిసింది.

నెమలికంఠం రంగు సూటు, నిలువెత్తు మనిషి. ఆమె నడిస్తే గదిలో మాటలు ఆగుతాయి. కంపెనీకి లాయరు, రెండేళ్ళుగా డిపార్ట్‌మెంట్‌కు లోపలి మనిషి. కందిరీగను సోఫాలో కూచోబెట్టి తన ఫోన్ తాలూకు ఇయర్‌ఫోన్ ఒకటి చెవిలో పెట్టింది.

"విను అక్కా. వీళ్ళ దగ్గరున్న సరుకు ఎలాంటిదో."

ముందు ఏడుపు వినిపించింది. పెద్దావిడ గొంతు. "ఎవరు నువ్వు? మా ఆయనేడీ? నన్నిక్కడ వదిలేసి ఎక్కడికెళ్ళాడు?" తర్వాత ఒక ముసలాయన, నెమ్మదిగా. "నేనేనే. ఇదిగో, చెయ్యి పట్టుకో. పక్క తడిసిందా? తడవనీ. నేను మారుస్తాగా. సిగ్గెందుకు?"

"గొంతు గుర్తుపట్టావా?" నెమలి ఒక ద్రాక్షపండు నోట్లో వేసుకుంది. "కమిషన్ చైర్మన్! భార్యకి మతి లేదట, పాపం. మనవడి హెడ్‌సెట్ పక్క గదిలో ఉందంతే. పొద్దున్న ఇది వినిపించారు. విలీనానికి అడ్డొస్తే ఊరంతా వింటుందన్నారు. పులిలాంటి మనిషి పిల్లి అయిపోయాడు." గింజను టిష్యూలోకి ఉమ్మి, కిసుక్కున నవ్వింది. "అయినా ఆయన డైలాగ్ బాగుంది కదూ? సిగ్గెందుకు!"

ఈ ఉద్యోగంలో కందిరీగ కత్తులు చూసింది, శవాల జేబులు వెతికింది. అప్పుడెప్పుడూ చేతులు ఇంతగా కడుక్కోవాలనిపించలేదు. ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, వేళ్ళు కోటుకు తుడుచుకుంది.

"ఇంజనీర్ అదృష్టవంతుడు, త్వరగా పోయాడు," అంటోంది నెమలి. "సీసాకి మూత పెట్టుకునే వ్యవధి కూడా దొరకలేదు."

ఆ మాట కందిరీగ చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. ఆమె బుర్ర నిండా ఆ ముసలావిడ ఏడుపే ఉంది.

నెమలికి ఫోన్ వచ్చింది. ద్రాక్షపళ్ళెం దగ్గరే నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏవో రెండు ముక్కలు గొణిగి, ఇప్పుడే వస్తానని వెళ్ళింది. కందిరీగ వరసలో చివరి హెడ్‌సెట్టును కోటులోకి తోసింది.

ఆడవాళ్ళ బాత్‌రూములో ప్రోగ్రామర్ కుళాయి దగ్గర నిలబడి చేతులు రుద్దుకుంటోంది. చర్మం ఎర్రబడింది.

"ఆ ప్రెసిడెంట్ ఇందాక నా చెయ్యి పట్టుకుని సంతాపం చెప్పాడండీ," అంది. "వదిలితేనా! ఎన్నిసార్లు కడిగినా ఇంకా జిగురుగానే ఉంది."

"సాక్ష్యం చెప్పగలరా అమ్మా?"

"చెప్పి ఇంటికెళ్ళి ఏడుస్తాను." హెడ్‌సెట్ తీసుకుని సంచిలో పెట్టుకుంది. "ఇది పొద్దున్నుంచీ ఏం విన్నదో దీని కడుపులోనే ఉంటుంది. అక్కడే తెరుస్తాను, అందరి ముందూ."

విచారణ మొదలైంది. గాజు బూత్‌లో కందిరీగ మైకు ముందు కూర్చుంది. హాల్లో అందరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు. చైర్మన్ తలెత్తి ఎవరినీ చూడటం లేదు. "త్వరగా కానివ్వండి," అన్నాడు, అప్పు చేసినవాడిలా నేల చూస్తూ.

ప్రెసిడెంట్ లేచాడు. కందిరీగ ఎత్తుపల్లాలు లేని గొంతుతో తెలుగు చేస్తోంది. "...మా రెండు కంపెనీలూ ఒకే కుటుంబం. ఒక సభ్యుణ్ణి పోగొట్టుకున్నాం. ఆయన శ్రీమతి దుఃఖంలో ఏవేవో ఊహించుకుంటున్నారు. ఆఫ్ చేసిన హెడ్‌సెట్ ఏమీ వినదు..."

ఒక్కో వాక్యం పురుగుపట్టిన పండులా నాలుక మీదికి వస్తోంది. ఉమ్మడానికి లేదు. అందించాలి.

దవడలో బాబాయ్ గొంతు గరగరలాడింది. "ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. విషం సీసాలోనే ఉంది. అమ్మాయ్, సీసా సంగతి ఎవరి నోటనైనా వస్తే..."

సీసాకి మూత పెట్టుకునే వ్యవధి.

లాంజ్‌లో నెమలి అన్న మాట కందిరీగకు ఇప్పుడు బుర్రకెక్కింది. గాజులోంచి చూసింది. సాక్షి బల్ల మీద నీలం మూత సీసా. ప్రోగ్రామర్ మూత తిప్పేసింది. సీసా పెదవుల దాకా వచ్చింది.

బూత్‌నుంచి బల్ల దాకా పరిగెత్తే వ్యవధి లేదు. అరిస్తే ఉలిక్కిపడి గుటక వేసినా వేస్తుంది. ప్రెసిడెంట్ మాట్లాడుతూనే ఉన్నాడు. కందిరీగ గొంతు పెంచలేదు, మార్చలేదు.

"...పిల్లల భద్రతే మా మొదటి ధ్యేయం, అమ్మా ఆ సీసా కింద పెట్టండి, అందులో విషం ఉంది, మీ ఆయన తాగిందీ అదే, కంపెనీ లాయరుగారికి ఆ సంగతి తెలుసు."

హాలంతా ఆ మాట ఒకేసారి విన్నది. ప్రెసిడెంట్ ఒక్కడే, తెలుగు రాక, ఇంకా చిరునవ్వుతో పిల్లల గురించి చెబుతున్నాడు.

ప్రోగ్రామర్ సీసా దించింది. కింది పెదవి మీద ఒక చుక్క. దాన్ని చేతిగుడ్డతో గట్టిగా తుడిచేసింది.

నెమలి లేచింది. "ఈ ఇంటర్‌ప్రెటర్‌కి మతి పోయినట్టుంది. అవి మామూలు నీళ్ళు!"

"అయితే మీరో గుక్క తాగండి," అంది ప్రోగ్రామర్.

నెమలి అందంగా నవ్వి చెయ్యి చాచింది. తాగడానికి కాదు, జారవిడవడానికి. ప్రోగ్రామర్ సీసాను గుండెకు హత్తుకుని, రెండో చేత్తో హెడ్‌సెట్టును కంప్యూటర్‌కు తగిలించింది.

"ఇది మీ లాంజ్‌లోది. మీరే ఆఫ్ చేసి పెట్టారు. వినదన్నారుగా? విందాం."

స్పీకర్లలోంచి ముందు నమిలే చప్పుడు వచ్చింది. తర్వాత నెమలి గొణుగుడు, నోటికి చెయ్యే అడ్డం లేనంత స్పష్టంగా. "సాక్షి బల్ల మీద నీలం మూతదే పెట్టు. మొగుడికి పట్టినంతసేపే పెళ్ళానికీ పడుతుంది."

నెమలి ఇక మాట వృథా చెయ్యలేదు. చెప్పులు వదిలేసి తలుపు వైపు దూసుకుపోయింది. దారి బూత్ పక్కనుంచే. కందిరీగ బూత్ తలుపును కాలితో ఒక్క తన్ను తన్నింది. నెమలి ముఖం దానికి తగిలిన చప్పుడు అందరి ఇయర్‌ఫోన్లలోనూ వినిపించింది. దానికి అనువాదం అక్కర్లేదు.

కాపలావాళ్ళు ఆమెను లేపుతుండగా చైర్మన్ ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవాళ పొద్దున నాకొక రికార్డింగ్ వినిపించారు," అన్నాడు. తలెత్తి హాలంతా చూశాడు. "అందులో నా భార్య ఏడుస్తోంది. నేను దుప్పటి మారుస్తున్నాను. దాన్ని ఊరంతా వినిపిస్తారట. వినిపించనీ. పెళ్ళానికి సేవ చేసుకున్నవాడికి సిగ్గేమిటి? దొంగచాటుగా విన్నవాడికి ఉండాలి గానీ. ఈ విలీనానికి అనుమతి లేదు."

ప్రోగ్రామర్‌ను కందిరీగ స్వయంగా ఇంటికి దిగబెట్టింది. గుమ్మంలో ఆమె వదినగారు ఎదురొచ్చి "అమ్మా" అనగానే ఆవిడ భుజం మీద వాలిపోయి, చెప్పినట్టే ఏడ్చింది. తలుపు మూసుకునేదాకా కందిరీగ అక్కడే నిలబడి, తర్వాత వీధి చివర కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంది.

సాయంత్రం టీవీలో ప్రెసిడెంట్ కనిపించాడు. విమానాశ్రయంలోనే ఆపేశారట. చుట్టూ పోలీసులున్నా నవ్వు చెక్కుచెదరలేదు. విలేఖరుల మైకులన్నీ దగ్గరికి లాక్కుని, ఎవరో రాసిచ్చిన తెలుగు ముక్క ఒకటి కూడబలుక్కుని అన్నాడు: "మాది... ప్రజల మాట... వినే కంపెనీ."

కందిరీగ టీవీ కట్టేసింది. పొద్దున్నుంచీ ఆ మనిషి చెప్పిన వాటిలో నిజం అదొక్కటే, దాన్నేమో ఆమె అనువదించాల్సిన పని లేకపోయింది.