పెదాల మీది మాట

"నేను రేకు డబ్బా కొట్టాలా? అదీ ఒక వేషమేనా?" చిటపట కాలు నేలకేసి కొట్టింది.

ఆ అమ్మాయి అసలు పేరు వేరే. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది కనుక వీధంతా చిటపట అనే పిలుస్తారు.

సాయంత్రమే నాటకం. మూతపడ్డ బట్టల మిల్లులో, మగ్గాల హాల్లోనే ఆడాలి. కథ కూడా ఆ మిల్లుదే. పాట పాడే వేషం దర్జీ కూతురికి దక్కింది. చిటపటకు మిగిలింది మగ్గాల చప్పుడు.

"మగ్గాలు లేకుండా మిల్లు ఎక్కడిదే?" అంది డ్రామా టీచర్. "ఊఁ, రిహార్సల్ మొదలుపెట్టండి!"

ముందు వరసలో ఒకప్పుడు మిల్లులో పనిచేసిన అవ్వలు నవ్వుకుంటూ కూర్చున్నారు. అందరూ చిటపట నాయనమ్మ స్నేహితులే. నాయనమ్మ మాత్రం అప్పుడే మంచినీళ్లకు బయటికి వెళ్లింది.

నాయనమ్మకు వినపడదు. అయినా ఇంట్లో ఎవరూ అరవరు. పెదాలు కదిపితే చాలు, ఇట్టే చదివేస్తుంది. ఆ విద్య తమ ఇంట్లోనే పుట్టిందని చిటపట నమ్మకం.

దర్జీ కూతురు మగ్గం మీదికి వంగి పాట అందుకుంది. చిటపటకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల వెనక నిలబడి, శబ్దం రాకుండా పెదాలు ఆడించింది.

'దీని పాట వింటే గాడిదలు కూడా సిగ్గుపడతాయి. ముందున్నవాళ్లంతా చెవిటి ముసలమ్మలు కాబట్టి బతికిపోయింది!'

ముందు వరసలో నవ్వులు ఆగిపోయాయి. ఎర్ర స్వెటర్ అవ్వ చివాలున లేచింది. ఆమె వెనకే అందరూ లేచారు.

"నేను తప్పు పాడానా?" దర్జీ కూతురు పాట ఆపేసింది.

నాయనమ్మ తలుపు దగ్గర వాళ్లకు ఎదురైంది. ఎర్ర స్వెటర్ అవ్వ ఆమెకు జరిగింది చెప్పింది. గొంతుతో కాదు, పెదాలతో! చిటపట అన్న మాటలు, ఒక్కటీ పొల్లుపోకుండా.

ఆ విద్య అవ్వలందరికీ వచ్చని చిటపటకు అప్పుడే తెలిసింది.

అవ్వలు వెళ్లిపోయారు. నాయనమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె ముఖం కందగడ్డలా ఉంది.

"ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నామనుకున్నావే? ఇక్కడే! మగ్గాలు మోగుతుంటే పక్కమనిషి అరిచినా వినపడేది కాదు. జ్వరమొచ్చినా, చెయ్యి నలిగినా పెదాలతోనే చెప్పుకున్నాం. మా చెవులు తినేసి ఈ మిల్లు మూతపడింది. మాకు మిగిలింది ఈ మాట ఒక్కటే. దాంతోనే మమ్మల్ని తిడతావా?"

"సాయంత్రం వాళ్లు వస్తారా, నాయనమ్మా?"

"ఎందుకు రావాలి? నువ్వే చెప్పు!" అనేసి ఆమె కూడా వెళ్లిపోయింది.

చిటపటకు ముందు ఇంకా కోపమే వచ్చింది. డబ్బాను ఒక్క తన్ను తన్నింది. అది దొర్లుతూ వెళ్లి దర్జీ కూతురి కాళ్ల దగ్గర ఆగింది. ఆ పిల్ల గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది. దాంతో చిటపటకు తన మీదే అసహ్యం వేసింది.

"నువ్వు బాగానే పాడావు. నేనే నిన్ను గాడిద కన్నా హీనమన్నాను. వాళ్లనీ అన్నాను. అందుకే వెళ్లిపోయారు."

"ఛీ! నీతో మాట్లాడను."

"మాట్లాడకు. కానీ పాట మాటలన్నీ నాకు నేర్పు."

"నా పాట లాక్కుంటావా?"

"లాక్కోను. ఒక్క ముక్క కూడా పైకి పాడను. ఒట్టు!"

పాట వచ్చాక చిటపట అవ్వల ఇళ్లకు బయల్దేరింది. ప్రతి గుమ్మంలోనూ 'తప్పయిపోయింది, రండి' అని పెదాలతో చెప్పింది. కొందరు చెడామడా తిట్టారు. ఎర్ర స్వెటర్ అవ్వ ముఖం మీదే తలుపేసింది.

అయినా సాయంత్రం అందరూ వచ్చారు. చేతులు కట్టుకుని, మూతి బిగించుకుని కూర్చున్నారు.

దర్జీ కూతురు మగ్గం మీదికి వంగి పాడసాగింది. ఆమె ముఖం అవ్వలకు కనపడదు. చిటపట డబ్బా కొడుతూనే స్టేజీ అంచుకు వచ్చింది. ముఖం మీద లైటు పడేలా నిలబడి, పాటలోని ప్రతి మాటనూ పెదాలతో అందించింది.

ఒక అవ్వ కట్టుకున్న చేతులు విప్పింది. నాయనమ్మ ముందుకు వంగింది. ఎర్ర స్వెటర్ అవ్వ మాత్రం ఇంకా కోపంగానే వేలు చూపించి, పెదాలు కదిపింది.

'ఏమిటే ఆ తొందర? నాకు అందటం లేదు!'

చిటపట డబ్బా దెబ్బ నెమ్మది చేసింది. దాని వెంటే పాటా నెమ్మదించింది. తను ఎర్ర స్వెటర్ అవ్వ వైపు తిరిగి, తర్వాతి మాటను నిదానంగా, స్పష్టంగా చెప్పింది.