మీటరు 6,313

ఆరుంబావుకి ఎస్సై ఆ ఇంట్లో అడుగు పెట్టేసరికి ముసలాయన మంచం మీద సగం కూర్చున్నట్టే ఉన్నాడు. వీపు వెనక మూడు దిళ్ళు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. నోరు తెరుచుకునే ఉంది.

ప్రాణం లేదు.

మంచం పక్కన తెల్లటి ఆక్సిజన్ మెషీన్. స్విచ్ ఆఫ్‌లో ఉంది.

"చూశారా మేడమ్? ఆపేసింది," అన్నాడు పెద్దకొడుకు. "నేను ఆరింటికి వచ్చేసరికే ఇలా ఉంది. వెంటనే మీకు ఫోన్ చేశా. మా తమ్ముడు లారీ వేసుకుని మూడు రోజుల కింద వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది ఈవిడొక్కతే. ఇంకెవరు ఆపుతారు?"

చిన్నకోడలు గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఉంది. బట్టలు కుట్టే మనిషి. కొలతల టేపు మెడలో అలాగే వేలాడుతోంది.

"నువ్వే ఆపావా అమ్మా?"

"నేనేనండి."

"విన్నారా! తన నోటితోనే చెప్పింది!"

"మీరు కాసేపు నోరు మూసుకోండి," అంది ఎస్సై. "ఎప్పుడు ఆపావు?"

"అయిదూ యాభైకి. మామయ్య పోయాక. ఆయాసం ఎక్కువైతే అంబులెన్సుకి ఫోన్ చేశా, అది వచ్చేలోపే పోయారు. మెషీనేమో కుయ్యిమని అరుస్తూనే ఉంది. మనిషే పోయాక ఇంకెవరి కోసం ఆ అరుపు? వినలేక ఆపేశా."

"డ్రామా," అన్నాడు పెద్దకొడుకు. "రాత్రంతా ఆపేసి, తెల్లారాక అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఆయన చాకిరీ వదిలించుకోవాలని ఎన్నాళ్ళ నుంచి చూస్తోందో!"

ఆమె తలెత్తింది. "బావగారూ, ఆరేళ్ళలో ఒక్క పూట మీ నాన్నకి స్నానం చేయించారా మీరు?"

అతను గోడవైపు తిరిగాడు.

కానిస్టేబుల్ పంచనామా మొదలుపెట్టాడు. మంచం ఒకటి. దిళ్ళు మూడు. ఆక్సిజన్ మెషీన్ ఒకటి, స్విచ్ ఆఫ్, గంటల మీటరు 6,313. ఎస్సై వింటూ గది అంతా కలియజూసింది. దుప్పటి ఉతికి ఉంది. ముసలాయన గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. మందు సీసాల మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'పొద్దున', 'సాయంత్రం' అని అంటించిన కాగితాలు.

చంపాలనుకున్న మనిషి గోళ్ళు కత్తిరిస్తుందా? అయినా అది సాక్ష్యం కాదు. కోర్టులో గోళ్ళ గురించి చెబితే నవ్వుతారు.

"అరుపు ఎప్పుడు మొదలైంది?"

"నిన్న సాయంత్రం నాలుగున్నరకి. పసుపు లైటు వెలిగింది. నాలుగూ నలభైకి షాపువాళ్ళ నంబరుకి ఫోన్ చేశా. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉందండి దీనికి, నాలుగేళ్ళది. కొత్త కుట్టుమిషను కొనుక్కుందామని దాచుకున్న డబ్బు పెట్టి తీసుకున్నా."

"ఏమన్నారు?"

"పది రోజుల కిందటే మా మనిషొచ్చి సర్వీసు చేశాడు, అంతా బాగుంది, మీరే ఏదో తప్పు నొక్కి ఉంటారు అన్నారు. రేపు పదింటికి పంపిస్తామన్నారు."

"వీధి చివర ఏసీలు బాగుచేసే మెకానిక్ ఉన్నాడుగా? పిలవకపోయావా?"

"పిలిచానండి! వచ్చాడు కూడా. స్క్రూడ్రైవరు పెట్టబోయాడు. అంతలో షాపువాళ్ళే మళ్ళీ ఫోన్ చేశారు. బయటివాళ్ళు ముట్టుకుంటే వారంటీ మొత్తం పోతుందన్నారు. మామయ్య కూడా 'ఒక్క రాత్రేగా, పొద్దున్న చూద్దాంలే' అన్నారు. పంపించేశా. నా చేతులతో పంపించేశా!"

"పది రోజుల కింద సర్వీసు మనిషి వచ్చాడా?"

"రాలేదండి."

ఎస్సై పిలిపిస్తే తొమ్మిదింటికి షోరూం మేనేజరు ఫైలుతో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం. వెనకాల సర్వీసు మనిషి, భుజాన నల్ల బ్యాగు.

"మా రికార్డు చాలా క్లియర్ మేడమ్," అని మేనేజరు కాగితం తీసి చదివాడు. "ఫిల్టరు మార్చబడింది. ఆక్సిజన్ తొంభై నాలుగు శాతం. మీటరు 6,660. కింద కస్టమర్ సంతకం."

ఎస్సై ఆ కాగితం చిన్నకోడలికి చూపించింది. "ఈ సంతకం నీదేనా?"

ఆమె సంతకం మీద వేలు పెట్టి చూసింది.

"నాదే."

"మరి రాలేదన్నావు?"

"రాలేదు. కానీ సంతకం నాదే."

పెద్దకొడుకు నవ్వాడు. "ఇంకేం కావాలి మేడమ్? జీపెక్కించండి."

ఎస్సై బయట అరుగు మీదకి వచ్చి నిలబడింది. ఆమె ఇంట్లోనూ ఉంది అలాంటి వారంటీ, ఫ్రిజ్‌కి. మోటారు కాలిపోతే, అది వారంటీ కిందకి రాదన్నారు. గొడవ పెట్టుకోకుండా ఊరుకుంది. పోయింది మోటారే కదా అనుకుంది. ఇక్కడ పోయింది మనిషి.

కానిస్టేబుల్ పంచనామా తెచ్చి సంతకానికి ఇచ్చాడు. పెన్ను కాగితం మీద పెట్టబోయి ఆగింది.

మళ్ళీ మొదటి నుంచి చదివింది. లోపలికి వెళ్ళి మెషీన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని మీటరు చూసింది. తర్వాత, "నీ ఫోన్ ఇలా ఇవ్వమ్మా," అంది.

పదకొండున్నరకి అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టింది. కుట్టాల్సిన జాకెట్ల మూట పక్కకి నెట్టి మేనేజరు కుర్చీ లాక్కున్నాడు.

"ఈ మీటరు ఏం చెబుతుంది?" ఎస్సై సర్వీసు మనిషిని అడిగింది.

"మెషీన్ ఎన్ని గంటలు నడిచిందో చెబుతుంది మేడమ్."

"వెనక్కి తిప్పొచ్చా?"

"కుదరదు. కంపెనీవాళ్ళకి కూడా కుదరదు."

"పది రోజుల కింద నువ్వు చూసినప్పుడు ఎంత ఉంది?"

"కాగితంలో ఉంది కదండీ, 6,660."

"ఈరోజు ఎంత ఉందో లోపలికెళ్ళి చూసి రా."

అతను కదల్లేదు.

"నేనే చెప్తా. 6,313. పది రోజులు నడిచిన మెషీన్‌కి మూడువందల పైచిలుకు గంటలు తగ్గాయి. ఎలా తగ్గాయయ్యా?"

ఎస్సై సర్వీసు కాగితం తిప్పి అతని ముందు పెట్టింది.

"ఇందులోనే, ఆ 6,660కి పై వరుసలో నీ మొదటి సర్వీసు ఉంది, 4,500. అది నిజంగా వచ్చి చూసినదే. అక్కడి నుంచి నీ రెండో అంకె వరకు సరిగ్గా రెండువేల నూట అరవై. తొంభై రోజులు, రోజుకి ఇరవై నాలుగు గంటలు. ఆఫీసులో కూర్చుని లెక్క కట్టావు. కానీ ఈ ఇంట్లో మెషీన్ రోజుకి పద్ధెనిమిది గంటలే నడుస్తుంది. పగలు ఆరు గంటలు ఆయన గొట్టం తీసేసి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. ఒక్కసారైనా వచ్చి ఉంటే తెలిసేది నీకు!"

"మరి సంతకం?" అన్నాడు పెద్దకొడుకు. గొంతులో మునుపటి జోరు లేదు.

చిన్నకోడలు తల దించుకునే చెప్పింది. "మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు ఖాళీ కాగితాల మీద పెట్టించుకున్నాడు బావగారూ. ప్రతిసారీ మిమ్మల్ని మిషను మీద నుంచి లేపడం ఎందుకమ్మా, ఏడాదికి సరిపడా ఇప్పుడే పెట్టేయండి అన్నాడు. పెట్టేశా. సిగ్గేసి ఇందాక చెప్పలేకపోయా."

"ఇంకోటి," అని ఎస్సై ఫోన్ ఎత్తి చూపింది. "నిన్న ఫిర్యాదు తీసుకునేటప్పుడు మీవాళ్ళే మీటరు చదవమన్నారు. ఈమె చెప్పిన అంకె వేసి మీరు పంపిన మెసేజ్ ఇదిగో. సాయంత్రం నాలుగూ నలభై, మీటరు 6,300. పొద్దున్న 6,313. పదమూడు గంటలు. రాత్రి ఒక్క గంట కూడా మెషీన్ ఆగలేదు. ఇందాక మెకానిక్ చేత విప్పించి చూశా. ఫిల్టరు మసిగుడ్డలా ఉంది. మెషీన్ నడుస్తూనే ఉంది, ఆయనకి గాలే అందలేదు."

పెద్దకొడుకు మరదలి వైపు చూశాడు. "అమ్మాయ్, నేను..."

"వద్దు బావగారూ. ఇప్పుడేం మాట్లాడొద్దు."

సర్వీసు మనిషి ఒక్కసారిగా లేచాడు. "రోజుకి పద్నాలుగు ఇళ్ళు రాస్తారు మేడమ్! నాకేమన్నా రెక్కలున్నాయా? వెళ్ళలేకపోతే కాగితం నింపెయ్యమని ఈయనే చెప్పాడు!"

"నేనెప్పుడు చెప్పానయ్యా?" మేనేజరు ఎస్సై వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "జరిగింది దురదృష్టకరం మేడమ్. కస్టమర్ కంగారు పడక్కర్లేదు. వారంటీ ఇంకా మూడేళ్ళుంది. మెషీన్ ఫ్రీగా బాగుచేసి ఇస్తాం."

గదిలో అందరూ అతన్నే చూశారు. ఎస్సైకి చెయ్యెత్తాలనిపించింది. పిడికిలి బిగించి, "ఇద్దరినీ జీపెక్కించు," అంది కానిస్టేబుల్‌తో.

సర్వీసు మనిషి నల్ల బ్యాగు తీసుకుని ఎస్సై బల్ల మీద బోర్లించింది. ముందే సంతకాలు పెట్టిన ఖాళీ కాగితాలు కట్టలుగా పడ్డాయి. ఒక్కో కట్టకి ఒక్కో ఇల్లు. పేరు, వీధి, ఫోన్ నంబరు.

"ఇందులో ఆక్సిజన్ మెషీన్‌లు ఎన్ని?"

"తొమ్మిది," అన్నాడతను.

పై కట్ట మీది నంబరుకి ఎస్సై అప్పటికప్పుడే ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. రెండో రింగుకే ఒకావిడ ఎత్తింది. వెనక సన్నగా ఏదో అరుస్తోంది.

"షాపు నుంచేనా బాబూ? నిన్నటి నుంచి కుయ్యిమంటూనే ఉంది. మా ఆయనకి ఆయాసం వస్తోంది. సర్వీసు అయిపోయిందంటారు, ఎవరొచ్చి చేశారు మాకు?"

ఎస్సై నోరు తెరిచేలోపే చిన్నకోడలు లేచి ఫోన్ లాక్కుంది.

"ముందు ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళండమ్మా! ఇప్పుడే, ఈ నిమిషమే! ఆ మెషీన్ వీధిలో ఎవడు దొరికితే వాడి చేత విప్పించండి! వారంటీ పోతుందంటారు, పోనీయండి! వింటున్నారా? పోతే పోనీయండి!"