మూడో పిలుపు

పెద్దకడుబూరు దాటి, పత్తిచేల మధ్య మట్టిరోడ్డున కొంత దూరం పోతే చర్చి వాళ్ల మిషను ఇల్లు ఒకటి, దాని వెనక దిగుడుబావి కనిపిస్తాయి. పొద్దు గూకితే ఆ బావి పక్కకు ఎవరూ పోరు. పూర్వం ఏదో కరువులో నీళ్లకని దిగిన ఆడమనిషి అడుగు మెట్టు మీదే ప్రాణం విడిచిందట. అప్పటినుంచి చీకటి పడితే బావి పిలుస్తుందంటారు... పేరు పెట్టి. రెండుసార్లే.

మూడోసారి పిలవడం దెయ్యానికి చేతకాదని మా వైపు నమ్మకం. అందుకే దీపాలు పెట్టాక ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా "ఓ" అనరు. నేను ఆదోని కాలేజీలో తర్కం చదువుకున్నవాణ్ణి. డిగ్రీ చేతికొచ్చిన రోజు రాత్రి, వాకిట్లో ఎవరో పిలిస్తే రెండో పిలుపుకే పలికానని మా అవ్వ నా నోరు మూసి వీపు మీద ఒకటిచ్చింది. ఆ దెబ్బ ముందు తర్కం నిలవలేదు. ఇప్పటికీ సెల్‌ఫోను కూడా మూడో మోతకే ఎత్తుతానని మా కోడలు నవ్వుతుంది.

సరే, అసలు సంగతికి వస్తాను. ఇది నాకు చెప్పింది హుసేనప్ప. ఆ బావికి ఎదురుగా ఉన్న చేలో కొట్టం వేసుకుని, భార్య కమలమ్మతో ఉంటాడు. ఏటా వేరుశనక్కాయల కోసం ఎమ్మిగనూరు నుంచి అతని దగ్గరికి పోతుంటాను.

మూతబడిన ఆ మిషను ఇంటికి కొన్నేళ్ల కిందట చర్చి వాళ్లు ఒక ముసలి జంటను పంపారు. ఉద్యోగాలు ముగించిన దంపతుల్ని, విడదీయకుండా ఇద్దరినీ కలిపి పల్లెసేవకు పంపడం ఆ చర్చి పద్ధతి. దేవసహాయం గుంతకల్లులో రైలింజను నడిపి రిటైరైనవాడు. ఇంజను మోతకు చెవులు పోయాయి. చెవి మిషను పెట్టుకున్నా సగమే వినపడేది. భార్య కరుణమ్మకు ఉబ్బసం. ఊళ్లో అందరూ వాళ్లను అయ్యగారు, అమ్మగారు అనేవారు.

వాళ్ల సేవ ఒక వింత. జనం తమ కష్టాన్ని అమ్మగారికి గుసగుసగా చెప్పుకునేవారు. ఆమె దాన్ని అయ్యగారి చెవిలో గట్టిగా అరిచేది. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు.

"అమ్మగారికి సెప్తే దేవునికి తెలిసేది తర్వాత, ముందు ఊరికి తెలుస్తాది" అని కమలమ్మ ఎగతాళి చేసేదట. అయినా జనం పోతూనే ఉండేవారు. కమలమ్మ కూడా.

ఊరి భయం చూసి కరుణమ్మ ఒక అలవాటు చేసుకుంది. పొద్దు గూకాక ఎవరింటికి పోయినా వాకిట్లో నిలబడి, ఆయాసపడుతూనే మూడుసార్లు పిలిచేది.

"ఏమే, ఆదోని యార్డులో పత్తి వేలం పాడుతాండావా, మూడుసార్లు అరుస్తావు?" అనేవాడు అయ్యగారు.

"నీకు ఒక పిలుపుకే వినపడింటే నా గొంతు ఇట్ల అరిగేదా?" అనేది ఆమె.

ఒక వానాకాలం రోజున అయ్యగారు జ్వరంతో, చెవి మిషను తీసి పడుకున్నాడు. ఇంటికి నీళ్లు తోడే మోటారు కాలిపోయింది. ఆయన నుదుట తడిగుడ్డ వేయడానికి కూడా ఇంట్లో నీళ్లు లేవు. చీకటి పడ్డాక కరుణమ్మ బిందె పట్టుకుని బావిలోకి దిగింది.

హుసేనప్ప అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు.

"హుసేనప్పా..."

కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"హు... సేనప్పా..."

"అమ్మగారి గొంతు మాదిరి ఉందే" అని లేవబోయాడు. కమలమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఓ అనొద్దు. బావి తట్టునుంచి వస్తాంది. అమ్మగారైతే మూడుసార్లు పిలుస్తాది గదా... రానీ."

ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. కప్పల అరుపులు... గాలి...

మూడో పిలుపు రాలేదు.

తెల్లారి చూస్తే కరుణమ్మ బావి మెట్ల మీద పడి ఉంది. కాలు విరిగింది. బిందె నీళ్లలో తేలుతోంది. అడుగు మెట్టు నుంచి పైకి, పాచి మీద చేతులు ఈడ్చిన జాడ ఉంది. పడగానే ప్రాణం పోలేదు — పాకింది. ఊపిరాడక పోయింది.

"ఎవురూ వినలేదా?" అని అయ్యగారు ఒక్కొక్కరి ముఖంలోకీ చూసి అడిగాడు. హుసేనప్ప తల వంచుకున్నాడు.

చర్చి పెద్దలు వచ్చి, ఇంక ఇంటికి పొమ్మన్నారు.

"ఇద్దర్నీ పంపినారు. ఒక్కణ్ణే ఎట్ల పోయేది?" అన్నాడాయన. చెవి మిషను మళ్లీ పెట్టుకోలేదు. దినామూ చీకట్లో పోయి ఆ మెట్ల మీద కూర్చునేవాడు.

అది చూసి చూసి హుసేనప్ప ఓర్చుకోలేకపోయాడు. పోయి చెప్పాడు. ఎట్లా చెప్పడం? కరుణమ్మ మాదిరే, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"అమ్మగారు రెండుసార్లు పిలిచింది! విన్నాను! పోలేదు!"

ఊరంతా విన్నది.

అయ్యగారు తిట్టలేదు. "రెండేనా?" అన్నాడు. "పాపం... ఊపిరి అంతవరకే వచ్చిందేమో. నా గొంతన్నా ఇచ్చింటే మూడోది పిలిచేది."

ఆ చలికాలమే నిద్రలో పోయాడు. ఆమె పక్కనే పూడ్చారు. మిషను ఇంటికి మళ్లీ తాళం పడింది.

మొన్న హుసేనప్ప ఇదంతా చెప్పి ముగించేసరికి చీకటి పడింది. కాయల సంచి నా కాళ్ల దగ్గరుంది. ఆఖరి బస్సు తప్పుతుందని లేవబోయాను.

"హుసేనప్పా..."

బావి వైపు నుంచి. ఆడగొంతు. ఆయాసంతో తెగుతున్న గొంతు.

కమలమ్మ చప్పుడు కాకుండా వచ్చి భర్త భుజం పట్టుకుంది.

"దినామూ ఇంతేనన్నా" అన్నాడు హుసేనప్ప, నాకు మాత్రమే వినపడేలా. "రెండుసార్లు పిలిచి నిలిచిపోతాది. నేను ఈడనే కూచోనుంటాను."

"హు... సేనప్పా..."

ఆగింది. కీచురాళ్లు కూడా ఆగాయి. నేను చదివిన తర్కంలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

అప్పుడు వచ్చింది.

"హుసేనప్పా!"

ఆడగొంతు కాదు. తన మాట తనకే వినపడనివాడు... ఇంజను మోతను మించి అరిచినట్టు — మగగొంతు.

కమలమ్మ చెయ్యి అతని భుజం మీది నుంచి జారిపోయింది.

"ఓ... వస్తాండా" అన్నాడు హుసేనప్ప. టార్చి అందుకుని లేచాడు.

నేను అతని పంచె కొంగు పట్టుకున్నాను. "యాడికప్పా?"

"మూడుసార్లు పిలిచినాక పోకుంటే ఎట్లన్నా?"

నా వేళ్లు మెల్లగా విడిపించుకుని, చీకట్లోకి దిగాడు.