నేను-మీటరు, ఒక పిన్నీసు

గంగులప్ప నుదుటికి చుట్టిన పట్టీలో సెన్సర్లు మిణుకుమిణుకుమంటున్నాయి. ఎదురుగా తెర మీద ముల్లు లేచి లేచి తొంభై రెండు దగ్గర నిలబడింది. నూటికి తొంభై రెండు.

"ఇస్కూల్లో కూడా ఇన్ని మార్కులు రాలేదు నాకు" అన్నాడు గంగులప్ప మీసం దువ్వుకుంటూ.

డాక్టర్ నళినాక్షి నవ్వు ఆపుకుంది. "ఇక్కడ తగ్గితే మంచి మార్కులండీ."

గోడవార స్టూలు మీద ఒదిగి కూర్చున్న మునిలక్ష్మి మాత్రం నవ్వలేదు. ఆమె గంగులప్ప పెళ్ళాం. నాలుగేళ్ళుగా ఆయన ఆమెతో మాట్లాడడం లేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. చెప్పేదేమన్నా ఉంటే వంటింటి గూట్లో ఉండే మాటల డబ్బాతో చెప్తాడు. "పులుసులో ఉప్పు చాల్లేదని చెప్పు" అంటాడు. డబ్బా ఆ మాటను తీయటి గొంతుతో ఆమెకు అప్పజెప్తుంది. "ఉప్పు ఆయన మోచేతి కిందే ఉండాదని చెప్పు" అంటుంది మునిలక్ష్మి. కాపురం అట్లా గడుస్తోంది.

తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని, ఆడవేషం వేసి మొక్కు తీర్చుకుంటారు. పెళ్ళయిన ఏడు నుంచీ గంగులప్పకు చీర కట్టింది మునిలక్ష్మే. నాలుగేళ్ళ కిందట నడివీధిలో, పలక డప్పుల మోత మధ్య, ఆయన కుచ్చిళ్ళు ఊడి కాళ్ళ మీద పడ్డాయి. వీధి వీధంతా నవ్వింది.

"పిన్నీసు పెట్టలేదు నువ్వు" అన్నాడు ఇంటికొచ్చి.

"పెట్టినా. చీర కట్టుకోని మగోడి మాదిరి అంగలేస్తే ఏ పిన్నీసు ఆగుతుంది?" అంది ఆమె.

అంతే. ఆ రోజు మూసిన నోరు ఆయన మళ్ళీ తెరవలేదు.

జాతర వేషగాళ్ళకు పట్టీ కట్టి చూస్తామని ఈ చేతన కేంద్రం వాళ్ళు పిలిచినప్పుడు, ఏమన్నా మేలు జరుగుతుందేమోనని ఆమె కూడా వెంట వచ్చింది.

"ఇది ఏం చూపిస్తుంది మేడమ్?" అని అడిగింది, వినపడీ వినపడనట్టు.

"మనిషి లోపల రెండు ధారలు ఉంటాయమ్మా" అంది డాక్టర్. "ఒకటి కదలకుండా నిలబడి చూసేది. దాన్ని పెద్దలు శివుడన్నారు. రెండోది కదిలేది, చేసేది. దాన్ని శక్తి అన్నారు. మగవాళ్ళలో ఒకటి, ఆడవాళ్ళలో ఒకటి అని కాదు. అందరిలో రెండూ ఉంటాయి. మెదడు తరంగాల్లోంచి ఈ మిషను వాటిని విడదీసి చూపిస్తుంది. నీలం గీత ఒకటి, ఎర్ర గీత ఒకటి. ఆ రెండూ కలవకుండా మధ్యలో అడ్డంగా కూర్చునేది 'నేను'. ముల్లు కొలిచేది దాన్నే."

"దాన్ని తీసేయొచ్చా?"

"తీసేయలేం. ఒక అరగంట నిద్రపుచ్చగలం."

డాక్టర్ మీట నొక్కింది. ముల్లు జారి జారి ఎనిమిదికి వచ్చింది. గంగులప్ప మొహం తుడిచిన పలకలా అయింది. ఆయన లేచి, చేతులు జోడించి, మునిలక్ష్మి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఎండన పడి వచ్చినట్టున్నారు. మంచినీళ్ళు తాగినారా?"

నాలుగేళ్ళకు మొదటి మాట! ఆమె స్టూలు మీంచి లేచి నిలబడింది. జవాబు చెప్పేలోపే ఆయన వాకిట్లో ఉన్న వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి, అదే గొంతుతో, "అయ్యా, ఎండన పడి వచ్చినట్టున్నారు. మంచినీళ్ళు తాగినారా?" అన్నాడు.

మునిలక్ష్మి మళ్ళీ స్టూలు మీద కూర్చుండిపోయింది.

అరగంటకు ముల్లు తొంభై రెండుకు చేరింది. గంగులప్ప మొహం గోడకు తిప్పుకున్నాడు.

"మాట్లాడినాడు మేడమ్. కానీ నాతో కాదు" అంది ఆమె.

డాక్టర్ ఆయన నుదుటి పట్టీ విప్పింది. "మీకూ ఒకసారి పెట్టి చూద్దామా?" అంది.

"నాకెందుకు మేడమ్? నోట్లో నాలుక లేనిదాన్ని."

అయినా పెట్టారు. ముల్లు తొంభై రెండు దాటింది. తొంభై ఐదు దాటింది. తొంభై ఏడు దగ్గర ఆగింది. డాక్టర్ తెర మీద వేలితో తట్టి చూసింది. ముల్లు కదల్లేదు.

గంగులప్ప పైన తిరిగే ఫ్యానుతో అన్నాడు: "చూసినావా? నాకంటే ఐదు ఎక్కువ."

మునిలక్ష్మి చెయ్యి దానంతటదే తాళిగొలుసు మీదికి పోయింది. అక్కడ ఒక పెద్ద పిన్నీసు వేలాడుతోంది. ఆ జాతర రోజు కుచ్చిళ్ళకని తీసి పెట్టుకున్నదే అది. ఆ సాయంత్రం స్నానం చేసేటప్పుడు చూసుకుంది, గొలుసుకే ఉండిపోయిందని. ముందు ఆయన మాట్లాడితే చెబుదామనుకుంది. ఆయన మాట్లాడలేదు. ఆమె చెప్పలేదు. మెత్తని మనిషని ఊరంతా మెచ్చుకుంటుంటే, తలొంచుకుని వింటూ వచ్చింది.

ఈ ఏటి జాతర రోజు పొద్దున్నే డాక్టర్ టాబ్ పట్టుకుని వాళ్ళ నట్టింట్లో కూర్చుంది. గంగులప్ప నుదుట పట్టీ ఉంది. సైకిలు షాపు మునెయ్య ఆయన చుట్టూ తిరుగుతూ, నులకమంచం అల్లినట్టు చీర చుడుతున్నాడు.

మునిలక్ష్మి వంటింట్లోంచి వచ్చింది. "నువ్వు లెయ్యన్నా. నేను కడతా."

గంగులప్ప గూటి వైపు తిరిగాడు. "ఆమెకేం పని ఇక్కడ అని అడుగు."

డబ్బా గొంతు సవరించుకునేలోపు ఆమె ప్లగ్గు పీకేసింది. మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు పోసింది. గొలుసు నుంచి పిన్నీసు తీసింది.

"ఆ పొద్దు పెట్టలేదు మావా. ఇదిగో, నా గొలుసుకే ఉండిపోయింది. సాయంత్రమే చూసుకున్నా. చెప్పడానికి నోరు రాలేదు. తప్పు నాది."

గంగులప్ప ఆ పిన్నీసునే చూస్తున్నాడు.

"నాలుగేళ్ళు మోసినావా దాన్ని?"

"ఊ."

"గుచ్చుకోలేదా మే?"

"దినామూ."

ఆయన పొడుగాటి చెయ్యి చాచి, గాజులు గలగలమనగా, ఆమె తల మీద పెట్టాడు. "అంగలేసింది నేనేలే. ఊరంతా చూసింది కదా."

టాబ్‌లో నీలం గీత, ఎర్ర గీత జడ పాయల్లాగా ఒకదాన్నొకటి అల్లుకున్నాయి. ముల్లు సున్నా మీద పడుకుంది. మీట ఎవరూ నొక్కలేదు. ఇన్నేళ్ళలో ఒక్క సున్నా చూడని డాక్టర్ నళినాక్షి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఫోటో తీయడమే మర్చిపోయింది.

నెల తిరిగేసరికి మునిలక్ష్మి ఇంటి ముందు లైను మొదలైంది. చీర కట్టించుకుంటే సున్నా వస్తుందని ఎవరో అన్నారట. ఇంజనీర్లు, లెక్చరర్లు, ఒక రిటైర్డు తాసిల్దారు, భుజాన తలా ఒక చీర వేసుకుని నిలబడ్డారు. వాకిట్లో కుర్చీ వేసుకుని గంగులప్ప.

"అహంకారం లేని మొదటి మగోడు ఎవరనుకుంటా ఉండారు? నేనే! సున్నా! ఏ సాములోరికన్నా వచ్చిందా సున్నా?"

లైను సంగతి విని వచ్చిన డాక్టర్ మెల్లగా ఆయనకు పట్టీ పెట్టి చూసింది. ముల్లు నూరుకు కొట్టుకుని, ఇంక పోవడానికి చోటు లేక వణుకుతోంది. ఆమె లోపలికి వచ్చి మునిలక్ష్మి చెవిలో చెప్పింది. "ఒకసారి కేంద్రానికి తీసుకురండి. తగ్గిద్దాం."

"వద్దు మేడమ్. మీకు దండం పెడతా. అట్లే ఉండనీండి."

వాకిట్లోంచి వీధి దద్దరిల్లేట్టు కేక వినిపించింది. "మే, మునిలక్ష్మీ! వీళ్ళకు చెప్పు, ఆ పొద్దు సున్నా వచ్చిందా లేదా?"

గూట్లో డబ్బా ప్లగ్గు పీకినట్టే ఉంది. తాసిల్దారు కుచ్చిళ్ళు పట్టుకున్న మునిలక్ష్మి మనసులోనే గంగమ్మ తల్లికి ఒక దండం, డాక్టరమ్మకు ఒక దండం పెట్టుకుంది. పంటి కింద పిన్నీసు తీసి చేత్తో పట్టుకుంది.

"వచ్చిందిలే మావా" అంది, వీధికంతా వినపడేట్టు.