బిజ్జా చదునులో ఇనుప గానుగ

బస్తర్‌ను రాజులు ఏలుతున్న రోజుల్లో, భోపాల్‌పట్నం దాటాక వాగు పక్కనున్న బిజ్జా చదునులో పొద్దుగూకితే ఎవరూ కాలు పెట్టేవాళ్లు కాదట. బిజ్జా అనే రైతు తన ఎద్దు చచ్చిపోతే, కర్ర గానుగ దూలానికి తానే భుజం ఆనించి చెరకు ఆడుతూ అక్కడే కుప్పకూలాడు. గానుగను చెదలు తినేశాయి... బిజ్జా మాత్రం రాత్రిళ్లు ఇంకా తిప్పుతూనే ఉన్నాడని ఊరంతా చెప్పుకునేది.

ఊరూరా చెరకు ఆడించి బతకాలనుకున్న పరాయి ఊరివాడు రామనర్సయ్యకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. గోదావరి అవతలి నుంచి మూడు రోలర్ల ఇనుప గానుగను ఎనిమిది రోజులు బండి మీద తోలుకొచ్చి, చెరకు తోటకు దగ్గరని ఆ చదునులోనే బిగించేశాడు. ఊరి పటేలు ఇర్మా అడ్డం తిరిగాడు. ఇనుము నలిపిన రసం తుప్పు కంపు కొడుతుందన్నాడు. బిజ్జా ఊరుకోడన్నాడు. విప్పుకుని పొమ్మన్నాడు.

ఇక్కడ కాదంటే మరో ఊరు రానివ్వదు. అందుకే రామనర్సయ్య పందెం కట్టాడు — ఈ రాత్రి గానుగ పక్కనే పడుకుంటాను, తెల్లారేదాకా ఉంటే ఒప్పుకోవాలి అని. ఇనుమున్న చోటికి దెయ్యం రాదని ధీమాగా కూడా అన్నాడు.

చీకటి పడేసరికి ఆ ధీమా సగమైంది. ఎడ్లను దూరంగా చెట్టుకు కట్టేసి, బండి కింద దూరి ముసుగుతన్నాడు.

నడిరాత్రి... చప్పుడు.

పట్... పట్... చెరకు నలుగుతున్న చప్పుడు.

ముసుగు సందులోంచి చూశాడు. ఎడ్లు చెట్టు కిందే నెమరేస్తున్నాయి. మసక వెన్నెల్లో గానుగ దూలం మాత్రం — దానంతటదే తిరుగుతోంది!

దేవుణ్ణి తలుచుకుందామంటే ఒక్క పేరూ నోటికి రాలేదు... తన పేరులోనే ఇద్దరు దేవుళ్లున్నా.

దూలం ఆగింది. చీకట్లో ఓ ఆడగొంతు గుసగుసలాడింది.

"తియ్యగున్నది."

"తుప్పు వాసన లేదా?" అంది ఇంకో గొంతు.

"లేదు. ఇంకో గడ పెడత, తిప్పు."

ఆ రెండో గొంతు దగ్గింది. చుట్ట దగ్గు... పొద్దంతా తన మీద అరిచిన మనిషి దగ్గే.

రామనర్సయ్య పాక్కుంటూ బయటికొచ్చాడు. నల్ల గొంగడి కప్పుకుని దూలాన్ని తోస్తున్నది పటేలు ఇర్మా. రోలర్లకు చెరకు అందిస్తున్నది అతని పెళ్లాం మంగి.

ఇర్మా దూలం వదిలేసి దగ్గరికొచ్చాడు.

"నువ్వు మమ్ముల చూడలె," అన్నాడు ఇర్మా మెల్లగా. "బండి కింద నీ వణుకుడు మేం చూడలె."

తెల్లారాక ఊరంతా చదునుకు చేరింది. ఇర్మా పిప్పి కుప్ప చూపించి, బిజ్జానే వచ్చి తిప్పి చూశాడని, రసం నచ్చి సరేనన్నాడని చెప్పాడు. రామనర్సయ్య బుద్ధిగా తల ఊపాడు.

మంగి మూతికి కొంగు అడ్డం పెట్టుకుని ఒక్క మాట కలిపింది.

"ఏటా మొదటి కుండ పటేలింటికి పంపుమన్నడు."